గడియారం తాత ఇచ్చిన శిక్ష

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో అర్థం కాని భాషలో టీవీ చూడడం ఎవరికీ వింతగా ఉండేది కాదు. ఉన్నది ఒకటే ఛానెల్. అందులో వచ్చేది చాలావరకు హిందీ. మా ఊరు గుంటూరుకి దక్షిణంగా ప్రత్తిపాడు దాటాక, ఒకపక్క పత్తి, ఒకపక్క మిరప తప్ప మరేమీ కనపడని నల్లరేగడి నేలల్లో ఉంటుంది. అక్కడ హిందీ వచ్చినవాళ్ళు ఒక్కరు లేరు. అయినా వార్తలతో సహా ఏదీ వదిలేవాళ్ళం కాదు. అందరూ నవ్విన చోట నవ్వేవాళ్ళం, అందరూ ముక్కు చీదిన చోట చీదేవాళ్ళం. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు నచ్చిన భాషలో, కింద అక్షరాలు కూడా పెట్టుకుని చూసి, "బోర్ మేడమ్" అంటారు. వాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. అర్థం కాకపోవడంలో ఒక సుఖం ఉంది, అది వాళ్ళకి తెలియదు. అందులో ఒక ప్రమాదం కూడా ఉంది, అది నాకు పదకొండో ఏట తెలిసొచ్చింది.

మా ఊళ్ళో మొదటి రంగుల టీవీ కొన్నది టీవీ బాబాయి. (మాకు చుట్టం కాదు. అంతకుముందు నలుగురైదుగురికే బాబాయి, టీవీ కొన్నాక ఊరందరికీ అయ్యాడు.) మిరప రైతు. ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీదకి మాట్లాడి అలవాటైన గొంతు, ఇంట్లో భోజనానికి కూర్చున్నా అదే స్థాయిలో ఉండేది. ఆదివారం పొద్దున వాళ్ళ వసారాలో టీవీ పెట్టి, దాని ముందు ఒక చాప పరిచేవాళ్ళు. చాప మీద వాళ్ళ పిల్లలు, చుట్టాల పిల్లలు. చాప వెనక పెద్దవాళ్ళు. మిగతావాళ్ళం కిటికీ ఊచల అవతల. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఊళ్ళో ప్రతి ఇంట్లో మా నాన్న కుట్టిన పరుపుంది గానీ, మేము ఎవరి వసారాలోనూ కూర్చున్నది లేదు. నా స్థానం కిటికీలో ఎడమ నుంచి మూడో ఊచ. దాని తుప్పు వాసన నాకిప్పటికీ గుర్తే.

ఆ వేసవిలో ఒక బొమ్మల సీరియల్ మొదలైంది. ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్ళు వాళ్ళింట్లో పాత గోడ గడియారానికి కీ ఇస్తూ ఇస్తూ అందులోకి జారిపోతారు. లోపల ఒక రాజ్యం. అక్కడ కాలం ఆగిపోయి ఉంటుంది. ఎగిరే పిట్ట గాల్లోనే, కారే నీళ్ళు మధ్యలోనే. పన్నెండు బురుజులు, బురుజుకో తాళంచెవి. పన్నెండూ సంపాదిస్తే గడియారం మళ్ళీ నడుస్తుంది, పిల్లలు ఇల్లు చేరతారు. ప్రతి బురుజు దగ్గరా ఒక తెల్లగడ్డం ముసలాయన కనిపించి ఏదో చెప్పి మాయమైపోతాడు. ఇనప కిరీటం పెట్టుకున్న రాణి ఒకావిడ వాళ్ళ వెంట పడుతుంది. అదీ కథ. (అదీ కథ అని ఇప్పుడు చెబుతున్నాను. అప్పట్లో మా ఊళ్ళో నడిచిన కథ వేరు. దానికి పూర్తి బాధ్యత నాది.)

మొదటి ఆదివారం, గడియారంలో పడ్డ పిల్లలు ఏడుస్తూ "హమే అప్నే సంసార్ మే లౌట్నా హై" అన్నారు. బాబాయి వెనక్కి తిరిగాడు.

"ఏందంటరా?"

ఎవరికి తెలుసు గనక. ఆయన చూపు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి మూడో ఊచ దగ్గర ఆగింది.

"ఒసేయ్, నువ్వు పరుపుల సాయిబు కూతురివి గదా. మీ ఇళ్ళల్లో ఉర్దూ మాట్టాడుకుంటారు గదా. ఏమంటన్నారే ఆ పిల్లలు?"

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఉర్దూ లేదు, హిందీ లేదు. తరతరాలుగా మాకు తెలుగే. నాయనమ్మ నమాజు చదివి లేచిన మరుక్షణం నన్ను తిట్టేది అచ్చ తెలుగులోనే. పరుపు గుడ్డ కొనడానికి గుంటూరు వెళ్ళే మా నాన్నకి మూడు మాటలు వచ్చు: కిత్నా, నహీ, అచ్ఛా. వాటితో గుంటూరులో ఏదైనా కొనొచ్చు గానీ, గడియారంలో పడ్డ పిల్లల్ని పైకి తీయలేం. "మాకు రాదు బాబాయీ" అంటే అయిపోయేది. కానీ వసారా మొత్తం నా వైపే చూస్తోంది. అంతమంది నన్ను చూడడం నాకు అదే మొదటిసారి. పైగా ఆ వాక్యంలో 'సంసార్' అన్న మాట తెలిసిన మాటలాగే వినపడింది.

"వాళ్ళ సంసారంలోకి వాళ్ళు పోవాలంట బాబాయీ. అందుకేడుస్తున్నారు."

బాబాయి కరిగిపోయాడు. "మరంతేగా పాపం. సంసారం ఇడిచిపెట్టి ఎవరుంటారు. ఇదిగో, అక్కడెందుకు, లోపలికొచ్చి ముందు కూర్చో. మాకు దుబాసీవి నువ్వే."

అలా నేను గడప దాటి చాప ఎక్కాను. దుబాసీ అన్న పేరు కూడా అప్పుడే ఎక్కింది. ఆ సాయంత్రం మా నాన్న దూది ఏకుతూ, దారినపోయే ఇద్దరిని ఆపి మరీ చెప్పుకున్నాడు.

నా పద్ధతి చాలా తేలిక. తెలుగులా వినపడ్డ మాటని పట్టుకోవడం, మిగతాది బొమ్మ చూసి అల్లుకోవడం. రెండు భాషల్లోనూ ఒకేలా ఉండే మాటలు బోలెడు ఉంటాయి. ఒకేలా ఉండి అర్థం మారిపోయేవి కూడా బోలెడు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. (సంసార్ అంటే హిందీలో లోకం.) రెండో వారం తెల్లగడ్డం ముసలాయన మొదటి బురుజు ముందు ప్రత్యక్షమై, చెయ్యెత్తి, "బచ్చో, మై తుమ్హే శిక్షా దూంగా" అన్నాడు. ఇంకేం కావాలి. "మీకు శిక్ష వేస్తానంటున్నాడు" అన్నాను. వసారాలో ఆడవాళ్ళు "హవ్వ" అన్నారు. ఆ వెంటనే బురుజు మీద నుంచి రాళ్ళు దొర్లి పిల్లల మీద పడబోయాయి కూడా. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది. ప్రతి వారం ఆయన రావడం, శిక్షా అనడం, పిల్లలకి ఏదో ఒక ఆపద రావడం. ఆపద రాబోతోందని ఆయన ముందుగా చెప్పి జాగ్రత్తలు నేర్పుతున్నాడని ఎవరికి తోస్తుంది? రాణి మాత్రం నవ్వుతూ, మెత్తగా మాట్లాడేది. అంచేత ఆవిడ మంచిదని తేల్చాను. పిల్లల్ని కోటలో పెట్టి తలుపు బిగిస్తే, "ముసలోడు రాకుండా గడియ పెట్టింది" అని చెప్పాను. బాబాయి ఆ వారమే పుట్టిన పెయ్యదూడకి రాణి అని పేరు పెట్టుకున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక వారం ముసలాయన గడ్డం సవరించుకుంటూ "మేరా వ్యవసాయ్ సమయ్ కీ రక్షా కర్నా హై" అన్నాడు. అందులో మూడు మాటలు తెలుగే. "ఆయనకి వ్యవసాయం ఉందంట. సమయానికి పంటని రక్షించుకోవాలంట" అన్నాను. బాబాయి మొదటిసారి ఆ ముసలాయన వైపు కొంచెం గౌరవంగా చూశాడు. "దుర్మార్గుడైతే అయ్యాడు గానీ మాట నిజం చెప్పాడు. టైముకి చూసుకోకపోతే పురుగు మిగలనిస్తదా?" అన్నాడు. అప్పట్నుంచి ఆయన ఏం వేశాడు, పత్తా మిరపా, నీళ్ళెక్కడివి అని ప్రతి ఆదివారం అడిగేవాడు. నేను మిరపే అని చెప్పాను. బాబాయికి అది నచ్చింది.

ఇక్కడి దాకా అంతా ఆటే. జూన్‌లో బడి తెరిచారు. నేను ఆరో తరగతిలోకి వచ్చాను. హిందీ మొదలయ్యేది ఆరులోనే. హిందీ చెప్పడానికి ఎక్కడో పడమటి జిల్లా నుంచి బదిలీ మీద ఒక మాస్టారు వచ్చారు. మెత్తని మనిషి. వయసు నలభై దాటిందో లేదో, గడ్డం మాత్రం ఛాతీ దాకా, మంచులా తెల్లగా ఉండేది. (ఆ గడ్డం ఎందుకు పెంచారో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే సగం గొడవ తప్పేది.) మొదటి రోజు ఆయన గదిలోకి వచ్చి, మమ్మల్ని చూసి ప్రేమగా నవ్వి, చెయ్యెత్తి, "బచ్చో, మై తుమ్హే శిక్షా దేనే ఆయా హూఁ" అన్నారు.

మొదటి బెంచీ కుర్రాడు లేచి కిటికీలోంచి బయటికి దూకాడు. మా బడి కిటికీలు నేలకి దగ్గరగా ఉండేవి, ఊచలు ఉండేవి కావు. వాడి వెనక ఇంకొకరు. అలా గది ఖాళీ అయిపోయింది. నేను దూకలేదని రాసుకోవాలని ఉంది గానీ, దూకినవాళ్ళలో నేను మూడోదాన్ని.

మరునాటికి ఊరంతా పాకింది. పిల్లల్ని శిక్షించడానికే వచ్చానని మాస్టారు సొంత నోటితో అన్నాడట. ఆయనకి గడియారం తాత అన్న పేరు పడింది. హిందీ పీరియడు వస్తే పిల్లలు కడుపునొప్పి అనేవాళ్ళు, పత్తి చేల వైపు పారిపోయేవాళ్ళు. ఆయన అద్దెకున్న ఇంటావిడ తన మనవరాలిని ఆయన గుమ్మం వైపు పోనివ్వడం మానేసింది. ఆయనతో ఎవరూ ఏమీ అనలేదు. మా ఊళ్ళో మామూలు మాటలన్నీ అరుస్తారు గానీ, అసలు మాట మాత్రం వెనకాల గుసగుసగానే నడుస్తుంది. పాపం ఆయన తన గడ్డాన్నో, తన గొంతునో అనుమానించుకుంటూ, నలుగురైదుగురు పిల్లల ముందు అక్షరాలు దిద్దించేవారు. ఆ నలుగురైదుగురిలో నేనున్నాను. ధైర్యం ఉండి కాదు. దుబాసీనై ఉండి హిందీ క్లాసు ఎగ్గొడితే జనానికి అనుమానం వస్తుందని. వెళ్ళినా కిటికీ పక్క బెంచీలోనే కూర్చునేదాన్ని.

నెలన్నర గడిచింది. పదకొండో తాళంచెవి దాకా వచ్చిన వారం అది. గురువారం నాడు మాస్టారు బోర్డు మీద రాసిన మాటలన్నీ నేను తడుముకోకుండా చదివాను. ఆయన మొహం వెలిగిపోయింది. సంచీలోంచి అరచేతిలో పట్టేంత హిందీ తెలుగు నిఘంటువు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. "నేను వెళ్ళిపోయినా నీకు పనికొస్తుందమ్మా" అన్నారు.

"ఎక్కడికెళ్తారు మాస్టారూ?"

"బదిలీ అడుగుదామనుకుంటున్నాను. పిల్లలు భయపడే చోట పంతులు ఉండకూడదు."

ఇంటికొచ్చి నాన్న ఏకిన దూది కుప్ప వెనక కూర్చుని పుస్తకం తెరిచాను. మొదట ఏ మాట వెతికానో వేరే చెప్పాలా? వేలితో వరస దిగుతూ వెళ్ళాను. శిక్షా. ఎదురుగా మూడు అర్థాలు: చదువు, విద్య, ఉపదేశం. పుస్తకం మూసి మళ్ళీ తెరిచాను. పేజీ తిప్పాను. ఇంకో శిక్షా ఎక్కడైనా ఉందేమో, దాని ఎదురుగా 'దండన' అని ఉందేమోనని ఆశ. లేదు. ఇన్ని ఆదివారాలుగా టీవీలో వస్తున్న మనిషి పిల్లలకి చదువు చెబుతానంటున్నాడు. బడికొచ్చిన మనిషి కూడా చదువు చెప్పడానికే వచ్చానన్నాడు. ఊరు ఊరంతా నా నోటిమాట విని ఇద్దరు పెద్దమనుషుల్ని దుర్మార్గుల్ని చేసి కూర్చుంది. ఇంకో మాట వెతికే ధైర్యం లేక పుస్తకాన్ని దూదిలోనే దూర్చేశాను. (మర్నాడు అది పరుపులో కుట్టేయబోతుంటే నాన్న చూసి తీశాడు.)

శుక్రవారం ఇంకా పెద్ద వార్త. పెద్దవాళ్ళందరూ కలిసి ఒక కాయితం రాశారు. ఈ మాస్టారు మాకొద్దు, పిల్లల్ని శిక్షిస్తానని నోటితో అన్నాడు, పైవాళ్ళకి రాసి పంపించెయ్యండి అని. సోమవారం పొద్దున హెడ్మాస్టారికి ఇస్తారు. సంతకాలన్నీ అయ్యాయి, బాబాయిది ఒకటే మిగిలింది. ఆయన న్యాయం తెలిసిన మనిషి.

"ఎదురుగా ఒకసారన్నా కూచోబెట్టి చూడకుండా మనిషి మీద సంతకం పెట్టను నేను. ఆదివారం టీవీ చూట్టానికి పిలిచా. వస్తానన్నాడు. మనిషెట్టాంటోడో తెలుస్తది." అంతటితో ఆగాడా? నా తల మీద చెయ్యేసి, "ఇంకోటి కూడా తేలుద్ది. మన దుబాసీ చెప్పేది ఎంత సరిగ్గా ఉందో హిందీ పంతులే ఇని చెప్తాడు. ఏమే?" అన్నాడు గర్వంగా.

నేను నవ్వాననుకుంటాను. మొహం ఎటు తిరిగిందో నాకు తెలియదు.

ఆ రెండు రోజులు నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. చెబితే చాప పోతుంది. చాప ఒక్కటే పోతే సర్దుకునేదాన్ని. మా నాన్న తలెత్తుకుని ఊళ్ళో చెప్పుకున్న మాట పోతుంది. "సాయిబు కూతురు అబద్ధాలు చెప్పి వసారా ఎక్కింది" అంటారు. చెప్పకపోతే ఆ మెత్తని మనిషి తన తప్పేమిటో తెలియకుండానే పెట్టె సర్దుకుని బస్సెక్కుతాడు. ఈ రెండూ కాక మూడో దారి ఏదైనా ఉందేమోనని వెతికాను. ఆదివారం కరెంటు పోవాలని ముగ్గురు దేవుళ్ళకి మొక్కాను. (మా నాయనమ్మకి తెలిసిన ఒక్కడికి, పక్కింటివాళ్ళ ఇద్దరికి.) గవదబిళ్ళలు వచ్చాయని చెబుదామని దవడ కింద దూది పెట్టి గుడ్డ కట్టుకున్నాను. అమ్మ చూసి, "దూదికి కరువొచ్చిందా, పరుపులకే చాలక చస్తన్నాం" అని పీకేసింది. శనివారం మధ్యాహ్నం మాస్టారి గది దాకా వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని చొక్కా బొత్తాం కుట్టుకుంటున్నారు. నన్ను చూసి సంతోషంగా లేచారు. అంత సంతోషంగా లేచిన మనిషికి ఏం చెప్పను? "నిఘంటువు బాగుంది మాస్టారూ" అని వెనక్కి తిరిగి పరుగెత్తాను.

ఆదివారం కరెంటు పోలేదు. మిగతా ఆదివారాలన్నీ ఏదో ఒక సమయంలో పోయేది. ఆ ఒక్కరోజు నిలకడగా ఉంది. వసారాలో ఇసకేస్తే రాలనంత జనం. మాస్టారికి కుర్చీ వేశారు. కుర్చీ చుట్టూ మూడడుగులు ఖాళీగా వదిలి అందరూ ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. సంతకాల కాయితం మడతపెట్టి బాబాయి చొక్కా జేబులో ఉంది, పై అంచు కనపడుతోంది. మా నాన్న కూడా వచ్చాడు. ఎప్పుడూ రాడు. కూతురి హిందీని పంతులుగారు మెచ్చుకుంటే విందామని ఉతికిన లుంగీ కట్టుకుని, నా పాత చోటు దగ్గర, మూడో ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

బొమ్మలు మొదలయ్యాయి. ఆ వారం రాణి ముసలాయన్ని ఇనప బోనులో వేయించింది. జనం చప్పట్లు కొట్టారు. "ఎయ్యండి వెధవని" అని ఒక ముసలమ్మ అరిచింది. మాస్టారు ఆశ్చర్యంగా అందరి వైపూ చూశారు. తర్వాత నా వైపు చూశారు. రాణి ఏదో అంది. "ఏమంటందే?" అన్నాడు బాబాయి. "ఇక పిల్లలకి భయం లేదంటోంది" అన్నాను. మాస్టారు ముందుకి వంగారు. పిల్లలు ఏదో అన్నారు. చెప్పాను. రాణి మళ్ళీ అంది. చెప్పాను. నేను చెప్పే ఒక్కో మాటకీ ఆయన కనుబొమలు కొంచెం కొంచెం పైకి లేస్తున్నాయి. దిద్దడం లేదు. ఎందుకు గది కిటికీలోంచి ఖాళీ అయిందో, ఎందుకు చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉందో, ఆయనకి తెలిసిపోతోందని నాకు తెలుస్తోంది. అయినా ఆగలేకపోతున్నాను.

అప్పుడు పదకొండో తాళంచెవి పట్టుకున్న అక్క బోను దగ్గరికి వచ్చింది. ముసలాయన ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు. "మైనే తుమ్హే జో శిక్షా దీ, ఉసే మత్ భూల్నా."

"శిక్షా అన్నాడు, నాకూ ఇనపడింది" అన్నాడు బాబాయి. "బోన్లో పడ్డా బుద్ధి రాలేదు. ఏమంటన్నాడే?"

"క్షమించమంటున్నాడు" అన్నాను.

"ఇన్ని మాటలకి క్షమించమనేనా?"

మాస్టారు చిన్నగా దగ్గారు. ఆ దగ్గుతో ఆయన నోరు తెరుస్తారనుకున్నాను. తెరవలేదు. తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటున్నారు, తప్పు చేసింది తానే అన్నట్టు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"శిక్ష కాదు బాబాయీ. చదువు. హిందీలో శిక్షా అంటే చదువు. నేను చెప్పిన చదువు మర్చిపోవద్దు అంటున్నాడు. మొదటి వారం నుంచీ చదువు చెప్తాననే అంటున్నాడు. నేనే తప్పు చెప్పాను. మాకు ఇంట్లో ఉర్దూ రాదు. నాకు హిందీ రాదు. మాస్టారు కూడా బళ్ళో అదే అన్నారు. చదువు చెప్పడానికి వచ్చానన్నారు."

ఎవరో టీవీ గొంతు తగ్గించారు. నేను మూడో ఊచ వైపు చూడలేదు. బాబాయి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "అయితే రాణి?" అన్నాడు.

"చెడ్డది బాబాయీ."

"ముందు నుంచీనా?"

"ముందు నుంచీ."

దొడ్లో దూడ అరిచింది. ఎవరూ నవ్వలేదు. బాబాయి మాస్టారి వైపు తిరిగాడు. "ఏమండీ పంతులుగారూ, ఇది చెప్పేది నిజమేనా? నెలన్నర్రోజులు మేము మిమ్మల్ని..." అని ఆగిపోయాడు.

మాస్టారు గడ్డం నిమురుకున్నారు. "నిజమేనండి. అయినా అమ్మాయి మరీ అంత తప్పు చెప్పలేదు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది చదువంటే శిక్షేనని చెబుతారు" అన్నారు.

ముందు నవ్వింది మా నాన్న. కిటికీ అవతల నుంచి, భయంతో బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలేసినట్టు. తర్వాత వసారా నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను, పెద్దగా, చాప మీదే. లేచి బయటికి పోబోతుంటే బాబాయి జబ్బ పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన మొహంలో ఇంకేదో దిగులు మిగిలిపోయి ఉంది.

"పంతులుగారూ, ఇంకొక్క మాట. ఆయనకి వ్యవసాయం ఉందని చెప్పింది ఇది. అదీ అబద్ధమేనా? మిరప ఏశాడని కూడా చెప్పింది."

"వ్యవసాయ్ అన్నాడా?" అని నన్నడిగారు మాస్టారు. ఏడుస్తూనే ఆ వాక్యం మొత్తం అప్పజెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు, బాబాయిని చూశారు.

"అది నిజమేనండి" అన్నారు. "వ్యవసాయమే."

బాబాయి జేబులోంచి కాయితం తీసి, దాంతో చుట్ట ముట్టించుకున్నాడు. "ఇంక నుంచి దుబాసీ చెప్పుద్ది, పంతులుగారు దిద్దుతారు. ఇద్దరూ ముందే కూర్చోండి" అని తీర్పు చెప్పాడు. సోమవారం హిందీ పీరియడులో బెంచీలు చాల్లేదు.

కానీ ఆ ఏర్పాటు ఒక్క వారం కూడా నడవలేదు. ఆ మరుసటి ఆదివారం గడియారం బదులు ఇంకేదో కార్యక్రమం వచ్చింది. ఆ తర్వాతా అంతే. ముసలాయన బోనులో ఉండగానే, పన్నెండో తాళంచెవి దొరక్కుండానే సీరియల్ ఆగిపోయింది. పిల్లలు బెంగపెట్టుకుంటే మాస్టారు, "చివరి భాగం మీరే రాయండి, హిందీలో" అన్నారు. ఊరంతా కలిసి రాశాం. అందులో ముసలాయన బోను విరగ్గొట్టుకుని, పిల్లల్ని ఇంటికి పంపి, తను మిరపతోట చూసుకోవడానికి ఉండిపోతాడు. ఆ చివరి వాక్యం బాబాయిది. మాస్టారు మా ఊళ్ళోనే ఉండి రిటైరయ్యారు. నేను హిందీ నేర్చుకున్నాను, ఇప్పుడు గుంటూరులో హిందీ టీచర్ని. ఏటా బడి తెరిచిన రోజు పిల్లల ముందు నిలబడి "మై తుమ్హే శిక్షా దేనే ఆయీ హూఁ" అంటాను. ఒక్కడు కూడా దూకడు. మా బడి మూడో అంతస్తులో ఉంది, కిటికీలకి ఊచలున్నాయి, అయినా కొంచెం నిరాశగానే ఉంటుంది.

మొన్న ఒక సెలవు రోజున ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఆ సీరియల్ దొరికింది. ఎవరో పాత టేపులు దాచిపెట్టి ఇంటర్నెట్‌లో ఎక్కించారు. దాని చరిత్ర కూడా రాశారు. ఎక్కడో దూర దేశంలో గీసిన బొమ్మలట. చూసేవాళ్ళు తగ్గారని తీసేవాళ్ళు మధ్యలో ఆపేశారట. పన్నెండో తాళంచెవి కథ రాసుకున్నారు గానీ బొమ్మలు గీయనే లేదట. మా ఊరు తప్ప ఇంకెవరూ దాని ముగింపు చూడలేదన్నమాట. అన్ని భాగాలూ వరసగా చూశాను, ఈసారి దుబాసీ లేకుండా. ఒకచోట ముసలాయన గడ్డం సవరించుకుంటూ, అదే గొంతుతో, "మేరా వ్యవసాయ్ సమయ్ కీ రక్షా కర్నా హై" అన్నాడు. ఫోను పక్కన పెట్టేశాను. వ్యవసాయ్ అంటే హిందీలో సేద్యం కాదు. వృత్తి. కాలాన్ని కాపాడడమే నా వృత్తి అంటున్నాడాయన. ఇన్నేళ్ళుగా ఆ మాటని ఎన్ని క్లాసుల్లో చెప్పానో లెక్కలేదు. అయినా ఆ వాక్యం దగ్గరికి ఎన్నడూ వెనక్కి వెళ్ళలేదు. మాస్టారు స్వయంగా నిజమేనన్నారుగా, ఇంక వెళ్ళడమెందుకు? ఆ రోజు నేను చెప్పినవాటిలో అదొక్కటన్నా సరైందని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోతూ వచ్చాను. ఆయన జీవితంలో ఒక్క దీర్ఘం తప్పు పోతే ఊరుకునే మనిషి కాదు. ఏడుస్తున్న నన్ను చూసి, దిగులుపడ్డ బాబాయిని చూసి, ఆ ఒక్క తప్పుని మాత్రం అలాగే ఉండనిచ్చారు.

నిన్న పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక అమ్మాయి వ్యవసాయ్ అన్న మాటకి ఎదురుగా 'పొలం పని' అని రాసింది. ఎర్ర కలం తీశాను. ఉద్యోగ ధర్మం కదా, తప్పు పెట్టాను. పెట్టాక, ఆ పేపరు పక్కన పెట్టలేక కాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుని, పక్కన ఖాళీ చోట, ఎర్ర సిరాతోనే, ఒక చిన్న మిరపకాయ బొమ్మ వేశాను. రేపు పేపరు ఇచ్చినప్పుడు ఇదేంటి మేడమ్ అని ఆ పిల్ల అడుగుతుంది. మాస్టారే ఉండి ఉంటే, ఏం చెప్పాలో అడిగేదాన్ని.